క్రేన్ మామ ఎంచుకున్న ఆట

బట్టల కొట్టులో తానులు పరిచిన గుమాస్తాలా, బల్ల మీద మూడు ఆటల డబ్బాలు పరిచి వాటి వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు మేనల్లుడు.

"ఎంచుకో మామయ్యా. నీకు ఏది నచ్చితే అదే మన ఆట."

మేనమామ గొంతు సవరించుకుని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయన్ని ఏదైనా ఎంచుకోమని అడిగిన మనిషి లేడు. వీధిలో అందరూ ఆయన్ని క్రేన్ మామ అంటారు. సరుకుల యార్డులో కంటైనర్లని లారీల మీంచి లేపి దొంతర్లు పేర్చే పెద్ద క్రేన్‌ని ఆయన తన వయసంతా పోసి నడిపాడు. కంటైనర్ అనడం బయటివాళ్ళ పద్ధతి, యార్డులో వాటిని పెట్టెలంటారు. మేడంత ఎత్తున గాజు కేబిన్‌లో కూర్చుని, రెండు కాళ్ళ మధ్య నుంచి నేలని చూస్తూ పనిచేసిన మనిషికి ఇప్పుడు ఆ నేల మీదే ఏం చెయ్యాలో తోచడం లేదు. కాలు కాలిన పిల్లిలా తన గదికీ అక్క ఇంటికీ మధ్య తిరుగుతున్నాడు.

ఆ తిరుగుడు భరించలేక అక్కే కొడుక్కి చెప్పింది. "మీ మామయ్యని నీ బొమ్మలాటలోకి లాగరా బాబూ. వంటింట్లోకొచ్చి నా డబ్బాలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. పప్పు డబ్బా అందుకోవాలంటే నిచ్చెన కావాలి."

మేనల్లుడు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. వారమంతా సన్నటి కుంచెతో పళ్ళకి రంగు వేస్తాడు, ఆదివారం అదే కుంచె పట్టుకుని బొటనవేలంత సైనికులకి కళ్ళూ కనుబొమలూ దిద్దుతాడు. బొమ్మల యుద్ధాలంటే అతనికి పిచ్చి. బల్ల మీద కొండలూ గోడలూ అమర్చి, రెండువైపులా చిట్టి సైన్యాలని నిలబెట్టి, టేపుతో కొలిచి కదుపుతూ, పాచికలు వేసి కాల్చుకునే ఆటలవి. ఇన్నాళ్ళూ అతనితో ఆడిన స్నేహితుడు వేరే ఊరికి మారిపోయాడు. కొత్త జోడీ కావాలి, జోడీతో పాటు కొత్త ఆటా కావాలి. బొమ్మల కొట్టాయన మూడు ఆటలు ఇచ్చి, ఆడి చూసి ఒకటి ఉంచుకుని మిగతావి తిరిగిచ్చెయ్యమన్నాడు.

మామా అల్లుళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఈ కుర్రాడు ఇంకా సరిగ్గా మాటలు రాని వయసులో ఉన్నప్పుడు తండ్రి పోయాడు. పోయింది అదే యార్డులో, అదే క్రేన్ కింద. ఆ రోజు కేబిన్‌లో ఉన్నది ఈ మేనమామే. బావ కింద నిలబడి చేత్తో సైగలిచ్చే సిగ్నల్ మనిషి. ఆ తర్వాత క్రేన్ మామ పెళ్ళి మాట ఎత్తలేదు, ఎత్తినవాళ్ళ మీద కసురుకున్నాడు. పక్క వీధిలో గది తీసుకుని, అక్కనీ పిల్లవాణ్ణీ రెక్కల కింద పెట్టుకుని చూసుకున్నాడు. వీడికి నడక నేర్పింది ఆయనే, జ్వరం వస్తే భుజాన వేసుకుని పరిగెత్తింది ఆయనే. మేనమామంటే అలా ఉండాలి అని జనం మెచ్చుకుంటే ఆయన మొహం పక్కకి తిప్పుకునేవాడు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. మనుషుల మీద మనకున్న మంచి అభిప్రాయాలు ఎంత తొందరపాటువో, ఏం చెప్పమంటారు.

సరే, ఆటలు. మొదటి డబ్బాలో రాజులూ రాక్షసులూ ఉన్నారు. ఒక రెక్కల పాముని చేతిలోకి తీసుకుని తూకం చూసినట్టు చూశాడు క్రేన్ మామ.

"ఇంత ఒళ్ళు ఎగరాలంటే ఈ రెక్కలు ఏ మూలకిరా? గాలి గట్టిగా వీస్తే నెత్తిన పడుతుంది. చిన్నపిల్లల ఆట."

రెండో డబ్బాలో యుద్ధ ఓడలు. కాసేపు ఆడారు. ఓడ మలుపు తిరగడానికి పట్టే లెక్కలన్నీ విని, "దీనికన్నా నేరుగా వెళ్ళి ఢీకొట్టడం సుఖం" అని ఢీకొట్టేశాడు. మేనల్లుడు పడీ పడీ నవ్వాడు. వాడు నవ్వితే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. ఈ ఆదివారాలు ఇలాగే సాగిపోతే చాలు, తనకి ఇంకేం వద్దు అనుకున్నాడు.

మూడో డబ్బా మూత తీశాడు మేనల్లుడు.

లోపల తుప్పు రంగు పూసిన చిన్న చిన్న కంటైనర్లు. పక్కనే ముళ్ళకంచె ముక్కలు, ఇనప నిచ్చెనలు, వైపుకి నలుగురైదుగురు చొప్పున చిట్టి మనుషులు. మేనల్లుడు ఆ పెట్టెల్ని బల్ల మీద సందులు సందులుగా అమర్చుతుంటే క్రేన్ మామ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఇందులో పెద్ద సైన్యాలుండవు మామయ్యా. పాడుబడ్డ సరుకుల యార్డులో రెండు ముఠాలు. ఎవడు ఎవడికి కనపడతాడన్నదే ఆటంతా. మిగతా రెండింట్లో టేపు పెట్టి కొలిస్తే చాలు. ఇందులో అలా కుదరదు, బొమ్మ కంటితో చూడాలి." గడ్డం బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి, ఒక చిట్టి సైనికుడి తల వెనక నుంచి చూసి చూపించాడు. "ఇదిగో ఇలా. ఇక్కణ్ణుంచి చూస్తే ఆ సందులోవాడు కనపడట్లేదు. అంటే వాణ్ణి కాల్చకూడదు."

"ఇది వద్దు" అన్నాడు క్రేన్ మామ.

మాట మరీ తొందరగా వచ్చేసింది. మేనల్లుడు తలెత్తాడు. "ఎందుకని?"

"నా నడుం వంగదురా."

"నీ బదులు నేను వంగి చూసి చెప్తాలే."

"ఆ మొదటిదే బావుంది. ఆ పాములూ అవీ."

"ఇందాకే కదా చిన్నపిల్లల ఆటన్నావు!"

అప్పుడే అక్క టీ కప్పులు పట్టుకుని గదిలోకి వచ్చింది. బల్ల చూసి ఆగిపోయింది. "ఓరి, ఇది అచ్చం మీ యార్డులా ఉందే! ఇదే ఆడండి. జీవితమంతా చేసిన పనేగా, వీణ్ణి ఉతికి ఆరేస్తావు." కప్పులు దింపి, వేలితో ఒక సందు చూపించింది. ఆమె గొంతులో ఏడుపేం లేదు, పాతబడిపోయిన విసుగే ఉంది. "మీ బావ ఇలాంటి సందులోనే కదూ నిలబడింది. నిలబడకూడని చోట నిలబడ్డాడు మహానుభావుడు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటే ఇవాళ మీతో పాటు కూర్చుని పాచికలేసేవాడు."

ఆ మాటని ఈ ఇంట్లోకి తెచ్చి పెట్టింది క్రేన్ మామే. ప్రమాదం జరిగాక విచారణకి వచ్చిన అధికారుల ముందు ఆయన చెప్పింది ఒక్కటే ముక్క: రెండు పెట్టెల ఎత్తు దొంతర వెనక నిలబడ్డ మనిషి కేబిన్‌లోకి కనపడడు. వాళ్ళు తలూపారు. తప్పు చనిపోయినవాడిదని తేల్చారు. ఆ తేల్చిన తప్పు అక్క చెవికి చేరింది, అక్క నోటి నుంచి కొడుక్కి అబ్బింది. వీడు చిన్నప్పుడు వీధిలోకి పరిగెడితే, "మీ నాన్నలా ముందూ వెనకా చూడకుండా నిలబడకు" అని కేకలేసేది. వీడూ అలాగే పెరిగాడు. తండ్రి గురించి ఎవరైనా అడిగితే, "ఆయన కాస్త అజాగ్రత్త మనిషండీ" అంటాడు, సిగ్గుపడుతూ.

అసలు సంగతి తెలిస్తే ఈ ఇంటి తలుపు తనకి మూసుకుపోతుంది. వీడు మామయ్యా అని పిలవడు. అక్క పక్క వీధి వైపు తల తిప్పదు. క్రేన్ మామకి ప్రపంచంలో ఉన్నది ఈ ఇద్దరే. చావంటే ఆయనకి ఏమంత భయం లేదు కానీ, ఆ మూసిన తలుపంటే మాత్రం ఉంది.

ఇప్పుడు మళ్ళీ వద్దంటే, ఎందుకు వద్దు అని అడుగుతారు. దొంగకి తన నీడే పోలీసులా కనిపిస్తుంది కాబట్టి ఆయనకి ఆ ప్రశ్న అప్పుడే చెవిలో వినపడింది. కప్పు అందుకుని గట్టిగా నవ్వాడు.

"సరే, ఇదే ఆడదాం. ఎవరికి భయం?"

భయం మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. మేనల్లుడు సంతోషంగా మిగతా రెండు డబ్బాలూ మూసేసి పక్కన పెట్టాడు.

ఆ వారం క్రేన్ మామకి అన్నం సహించలేదు. వీడికి ఏమైనా తెలుసా? తెలిసే ఈ ఆట తెచ్చాడా? కొట్టాయన ఇచ్చాడన్నాడు, నిజంగా కొట్టాయనే ఇచ్చాడా? ఆలోచించిన కొద్దీ వీడి ప్రతి మాటా ఉచ్చులానే తోచింది. దానికి తగ్గట్టు ఒక సాయంత్రం ల్యాబు నుంచి వస్తూ వస్తూ ఆయన గది గుమ్మంలో ఆగాడు మేనల్లుడు.

"మామయ్యా, యార్డులో పెట్టెలు రెండు పేరిస్తే మనిషికి ఎంత పైకి వస్తాయి? కేబిన్ దానికి ఇంకా ఎంత పైన ఉంటుంది?"

"ఎందుకురా అవన్నీ?"

"డబ్బాలో వచ్చిన కాపలా మంచె బాగోలేదు. దాని బదులు నీ క్రేన్‌లాంటిది చేద్దామని. కొలతలు సరిపోవాలిగా."

తప్పుడు కొలతలు చెప్పి పంపేస్తే పోయేది. చెబుదామనే నోరు తెరిచాడు కూడా. కానీ ఆయన పనివాడు. పెట్టె ఎత్తు తప్పు చెప్పడానికి నాలిక తిరగలేదు. కేబిన్ ఎంత ఎత్తున ఉంటుందో, దొంతరకి ఎంత ఎడంగా క్రేన్ కాళ్ళు నిలుస్తాయో, సందు వెడల్పు మనిషి చాచిన చేతులకి ఎంత ఎక్కువో, అంతా ఉన్నదున్నట్టు చెప్పాడు. వీడు శ్రద్ధగా వింటుంటే, ఉచ్చు సంగతి మరిచిపోయి, కేబిన్ కిటికీ వాలు కూడా గాల్లో గీసి చూపించాడు. వాడు వెళ్ళాక తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద యార్డు సిద్ధంగా ఉంది. కుర్రాడి చేతిలో పనితనం ఉంది, కాదనలేం. పుల్లలతో చేసిన క్రేన్ నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది. పైన అగ్గిపెట్టెంత కేబిన్, దానికి పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క అద్దం. బయట మబ్బు పట్టి, గదిలో మధ్యాహ్నమే దీపం వెయ్యాల్సి వచ్చింది. దీపం కింద క్రేన్ నీడ బల్లకి అడ్డంగా పడి ఉంది. క్రేన్ మామ దాన్ని చూడకుండా కూర్చునే కుర్చీ కోసం వెతికాడు కానీ, ఆ గదిలో అలాంటి చోటు లేదు.

"కేబిన్‌లో నీ మనిషిని పెట్టాను మామయ్యా. అది నీ సీటే కదా."

ఆట మొదలైంది. మొదట్లోనే ఆయన వేసిన పాచికలు బల్ల కింద పడ్డాయి. ఇద్దరూ బల్ల కిందకి దూరి వెతుక్కున్నారు, తలలు ఢీకొట్టుకున్నారు, నవ్వుకున్నారు. వీడి మొహంలో దాపరికమేం కనిపించలేదు. చిన్నప్పుడు ఈ మొహం ఎలా ఉండేదో అలాగే ఉంది. క్రేన్ మామకి ఊపిరి ఆడింది. వీడికేం తెలియదు. ఒట్టి ఆట. తను వారం రోజులు ఊరికే చచ్చాడు.

ఆ తేలికదనంలో ఆయన ఆటలో పడిపోయాడు. యార్డు ఆయనకి అరచేయి కదా. ఏ సందు ఎటు తెరుచుకుంటుందో, ఏ మూల నుంచి ఏ మూలకి దారో వీడికన్నా ముందే పసిగట్టి, వీడి మనుషుల్ని ఒక్కొక్కణ్ణే ఏరిపారేశాడు. మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. చివరికి మేనల్లుడికి ఒక్కడే మిగిలాడు. వాణ్ణి రెండు పెట్టెల దొంతర వెనక సందులోకి జరిపాడు.

"వీణ్ణి మాత్రం ఏం చెయ్యలేవు. ఇక్కడ నీకు కనపడడు."

"ఎందుకు కనపడడు?" క్రేన్ మామ పాచికలు గుప్పిట్లో గలగలలాడిస్తూ నవ్వాడు. "దొంతరకి వీపు ఆనించి నిలబడితే కనపడడు. నువ్వు దానికి అడుగు ఎడంగా పెట్టావు. అడుగు ఎడంగా జరిగితే కేబిన్‌లోకి హెల్మెట్ పూర్తిగా కనపడుతుంది. అందులోనూ పసుప్పచ్చ హెల్మెట్, ఎండ ఎటున్నా కొట్టొచ్చినట్టు కనపడుతుంది."

మేనల్లుడు తన సైనికుణ్ణి చూసుకున్నాడు.

"వీడిది బూడిద రంగు హెల్మెట్ మామయ్యా."

పాచికల చప్పుడు ఆగిపోయింది.

మేనల్లుడు కుర్చీ వెనక్కి నెట్టాడు. లేచి కేబిన్ వెనక్కి వెళ్ళి, వంగి, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్ళీ తలెత్తేసరికి ఆ మొహంలో రంగు లేదు.

"కనపడుతున్నాడు" అన్నాడు. "రెండు పెట్టెల వెనక మనిషి కనపడడనే కదా నువ్వు వాళ్ళకి చెప్పింది?"

"ఇది ఆటరా. బొమ్మ పెట్టెలు. నిజం యార్డులో..."

"కొలతలు నువ్విచ్చినవే."

క్రేన్ మామ తలుపు వైపు చూశాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు. ఇప్పుడైనా ఒక అబద్ధం దొరుకుతుందేమోనని వెతుక్కున్నాడు. ఇన్నేళ్ళూ ఒకే అబద్ధంతో బతికిన మనిషికి రెండోది చేతికి అందలేదు.

"ఆ పొద్దున మాకు మాటల్లేవు" అన్నాడు. "టీ కొట్టు దగ్గర అందరి ముందూ మీ నాన్న నా నడకని అనుకరించి చూపించాడు. జనం నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆయనతో మాట్లాడకుండానే కేబిన్ ఎక్కాను. ఆ సందులోకి పెట్టె దించాలంటే కిందనుంచి ఆయన చెయ్యి ఊపాలి, లేకపోతే నేను హారన్ కొట్టాలి. ఆయన చెయ్యి ఊపలేదు, అలాగే నిలబడ్డాడు. హారన్ కొడితే... నేనే ముందు మాట్లాడినట్టవుతుందనిపించిందిరా."

"కొట్టలేదా?"

"లేదు. ఆయనే తప్పుకుంటాడనుకున్నాను. రోజూ తప్పుకునేవాడే. పంతం పట్టి నిలబడ్డాడు, నేనూ పంతం పట్టి దించాను. తప్పుకుంటాడులే, తప్పుకుంటాడులే అనుకుంటూనే ఉన్నాను."

ఏడుపు ఎప్పుడు మొదలైందో ఆయనకే తెలియదు. ఏడుస్తున్నాడు. చెయ్యి జాపి మేనల్లుడి మోచెయ్యి పట్టుకోబోయాడు. వాడు విదిలించుకోలేదు, కోపంగా చూడనూ లేదు. మెల్లగా పక్కకి జరిగి, బల్ల చుట్టూ నడిచి అవతలి వైపుకి వెళ్ళాడు. దొంతర వెనక సందు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గడ్డం బల్లకి ఆనించి, ఆ ఒంటరి సైనికుడి తల వెనక నుంచి పైకి, కేబిన్ వైపు చూశాడు.

"ఈ ఆటలో ఒకటుంది మామయ్యా" అన్నాడు అక్కణ్ణుంచే. "చూపు రెండువైపులా ఉంటుంది. నీకు వీడు కనపడితే, వీడికీ నువ్వు కనపడతావు."

క్రేన్ మామకి మొదట అర్థం కాలేదు.

"ఇక్కణ్ణుంచి కేబిన్ మొత్తం కనపడుతోంది. అద్దం వెనక మనిషి కూడా. నాన్నకి నువ్వు కనపడ్డావు. నువ్వు తననే చూస్తున్నావని తెలుసు ఆయనకి." వాడు వేలితో కేబిన్ అద్దం చూపించాడు. "పంతం కోసం ఎవరైనా అలాంటి దాని కింద నిలబడతారా? బావమరిది చూస్తున్నాడు కదా, ఏం కాదులే అనుకుని నిలబడ్డాడు."

బావ పంతం పట్టాడనే ఇన్నేళ్ళూ తనకి తాను చెప్పుకుంటూ బతికాడు క్రేన్ మామ. తప్పులో సగం బావ వాటాకి వేసి, మిగతా సగం మోసుకుంటూ తిరిగాడు. తనని నమ్మి నిలబడి ఉంటాడన్న ఊహ ఆయనకి ఒక్కనాడూ రాలేదు. ఇప్పుడు అది వచ్చి గుండె మీద కూర్చుంది, ఇంక దిగదు.

"ఏమర్రా, అలికిడి లేదు?" వంటింట్లోంచి అక్క కేకేసింది. "ఎవరు గెలిచారు?"

మేనల్లుడు గడ్డం బల్ల మీంచి ఎత్తలేదు. కన్ను ఇంకా కేబిన్ మీదే ఉంది.

"అమ్మా, ఒకసారి ఇటు రా. నాన్న గురించి మామయ్య నీతో మాట్లాడాలట."

చేతులు తుడుచుకుంటూ అక్క నడవాలోకి వచ్చిన అడుగుల చప్పుడు వినపడింది. క్రేన్ మామ కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు.